పరిశీలకురాలు లేవకూడదు

ఇంకా యాభై రెండు నిమిషాలు. కాలు మీద కాలు వేసుకుంటే కొంత నయంగా ఉంటుంది, కానీ అప్పుడు ఒళ్లో టాబ్ జారుతుంది, టాబ్ జారితే తెర మీద ఏదో ఒక గడి దానంతటదే నొక్కుకుపోతుంది, ఈ ఇంటి కోడలు అరుణ చేతులు కడుక్కోకపోయినా కడుక్కున్నట్టు నమోదవుతుంది. అయినా కడుక్కుంటూనే ఉంది కదా. ఆరు గంటలకి నేను ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఇప్పటికి పదకొండుసార్లు. దువ్వెన ముట్టుకుని కడుక్కుంది, తలుపు గడియ వేసి కడుక్కుంది, ఒకసారి ఏమీ ముట్టుకోకుండానే నా వైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్లి కడుక్కుంది. ఏడో నెల కడుపుతో ఆ పిల్ల అలా వంగి లేస్తుంటే ఇక చాలమ్మా అనాలనిపిస్తుంది. అనకూడదు. పరిశీలకురాలు మాట కలపకూడదు, సలహా ఇవ్వకూడదు, ముఖంలో మెచ్చుకోలు గాని విసుగు గాని కనపడనివ్వకూడదు, అన్నిటికంటే ముఖ్యం, మూడు గంటలు నిండేదాకా కుర్చీలోంచి లేవకూడదు. శిక్షణలో ఆ ఒక్క వాక్యం ఎర్ర అక్షరాల్లో వేశారు. మనం లేచి వెళ్లిన రెండు నిమిషాల్లోనే జనం అసలు అలవాటు బయటపెడతారట, అందుకని లేస్తే ఆ ఇంటి పరిశీలన మొత్తం రద్దు. ఈ నెలలో నావి ఇప్పటికే రెండు రద్దయ్యాయి, ఒకటి పసిపిల్లకి వాంతులై ఇంటివాళ్లు ఆసుపత్రికి పరిగెత్తినందుకు, ఒకటి టాబ్ బ్యాటరీ చచ్చినందుకు. మూడోది కూడా పోతే రెండో విడత పనివాళ్ల జాబితాలో నా పేరుండదని సూపర్‌వైజర్ గౌరీశంకర్ గారు నిన్న ఫోన్లో చెప్పారు. కోపంగా కూడా చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పారు.

నాకు ఒంటేలుకి వస్తోంది. అంతే సంగతి. ఏడుంపావు నుంచి వస్తోంది, ఏడున్నర దాకా అది ఒక ఆలోచన, ఇప్పుడది ఆలోచన కాదు, పొత్తికడుపులో ఒక బండరాయి, రైలు కట్ట మీద గూడ్సు వెళ్లినప్పుడల్లా ఈ ఇంటి గచ్చు అదురుతుంది, గచ్చుతో కుర్చీ, కుర్చీతో ఆ రాయి. ఎందుకు తాగాను నీళ్లు. ఫీల్డుకి వచ్చే ఆడపిల్లలెవరూ తాగరు. నాకు పని నేర్పిన శాంతి మొదటి రోజే చెప్పింది, ముందురోజు పొద్దుపోయాక నీళ్లు ముట్టకు, తెల్లారి నోరు పుక్కిలించు గాని మింగకు, టీ ఇస్తే కడుపులో మంటని చెప్పు. అలాగే చేశాను, నాలుగో నెలకి మంట నిజంగానే వచ్చింది, అయితే కడుపులో కాదు. డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసి రోజుకి మూడు లీటర్లు తాగాలంది, ఏం పని చేస్తావమ్మా అని అడిగింది, పారిశుద్ధ్యం మీద పరిశోధనండీ అన్నాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి ఒక్కసారి చూసి, ఇంకేం అడగకుండా మందులు రాసేసింది. మందులైతే మింగాను. వాటితో పాటు తాగమన్న నీళ్లే తాగలేదు, తాగితే ఎక్కడికి వెళ్లాలి, బస్తీలో పని, బస్తీకీ ఆఫీసుకీ నడుమ ఆటోలు, ఆఫీసులో ఉన్న ఒక్క గది తాళం చెవి పై అంతస్తు వాచ్‌మన్ జేబులో. రోజుకి ఎనిమిది గంటలు మరుగుదొడ్ల గురించి అడుగుతూ తిరుగుతాను, ఆ ఎనిమిది గంటలూ నేను మాత్రం ఒక దాంట్లోకీ వెళ్లను. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు. శాంతికి చెబితే నవ్వింది కూడా.

ఇవాళ మాత్రం తాగాను. నేను వచ్చి కూర్చోగానే ఈ ఇంటి పెద్దావిడ అప్పలనర్సమ్మ ఒక గ్లాసు తీసి తోమింది, మళ్లీ తోమింది, నా కళ్లెదుటే మూడోసారి కడిగింది, నీళ్లు ముంచి తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా పక్కనున్న స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆవిడ బజారు వీధులు ఊడ్చే మనిషి, వాళ్ల మామగారు శ్రీకాకుళం వైపు నుంచి చీపురు పట్టుకునే ఈ ఒడియా ఊళ్లో దిగాడట, ఇవాళ నేను వస్తున్నానని పని మానుకుని ఉండిపోయింది. "తాగవని తెలుసు తల్లీ, మరియాదకి పెట్టినాను," అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉంటే బాగుండేది, లేదు, వాన పడుతోంది తల్లీ అన్నంత మామూలుగా అంది. కరపుస్తకంలో పంతొమ్మిదో పేజీలో ఉంది, ఇంటివారి నుంచి ఏమీ పుచ్చుకోరాదు అని. ఆ పేజీ రాసినవాళ్లకి ఈ స్టూలు సంగతి తెలియదు. ఈ ఇంట్లో నీళ్లు వద్దంటే దానికి ఒక్కటే అర్థం, నేను ఏ కారణం చెప్పినా ఆ ఒక్క అర్థమే. ఎత్తి గటగటా తాగేశాను. ఆవిడ నా గొంతు వైపే చూస్తూ నిలబడింది, గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకో గ్లాసు తెచ్చింది, ఈసారి చేతికే ఇచ్చింది, అది వద్దనడానికి నాకేం మిగిలింది, అదీ తాగాను. తర్వాత అల్లం వేసిన టీ. మొదటి గ్లాసు మర్యాదకి తాగాను, రెండోది పొగరుకి తాగాను, చూశావా నేనెలాంటి మనిషినో అని. ఆ పొగరే ఇప్పుడు బరువెక్కి కూర్చుంది.

మా అమ్మకి మోతుబరి ఇంట్లో ఎత్తు నుంచి దోసిట్లోకి నీళ్లు పోసేవారు. ఆ అమ్మే, సరిహద్దులో గిరిసోల పక్కనున్న మా ఊళ్లో కాలువ తియ్యడానికి వచ్చే మనిషికి చూరులో వేరే లోటా దోపి ఉంచేది. కాలేజీలో చేరాక ఒకసారి గట్టిగా అడిగాను. "లోకం అలాగున్నాది, నానేటి సెయ్యను," అంది, నారు కట్ట విప్పుకుంటూ. అమ్మ పేరు చిట్టమ్మ, ఇంకొకళ్ల పొలంలో నాట్లేసి నన్ను బియ్యే దాకా లాగింది. మా ఇంట్లో ఇది మొదటి కుర్చీ పని. అమ్మ ఇరుగుపొరుగుకి అలాగే చెప్పుకుంటుంది, మా సాయిపద్మది ఎండలో పని కాదు, కుర్చీలో కూకోబెడతారు అని. ఏం చేస్తుందని ఎవరో అడిగితే ఒకసారి నన్నే పిలిచి చెప్పమంది. జనం ఎప్పుడెప్పుడు చేతులు కడుక్కుంటారో చూసి రాస్తానని చెప్పాను. "దానికి బియ్యే ఎందుకే," అంది. నిజంగానే ఎందుకో నాకూ తెలియదమ్మా, కానీ ఈ కుర్చీ పోతే నువ్వు మళ్లీ వాళ్ల మొహాలు చూడాలి కదా, లేపేశారట అంటారు, వాళ్లకి ఆ మాట ఎంత ఇష్టం.

నలభై ఒకటి. నేల మీద ఆడుకుంటున్న మూడేళ్ల అమ్మడు, అరుణ మొదటి బిడ్డ, వచ్చి నా చెప్పు పట్టుకుని చూస్తోంది. వెంటనే అరుణ పరిగెత్తుకొచ్చి దాని చేతులు సబ్బుతో తోమేసింది. పన్నెండోసారి. పిల్ల ఏడుస్తోంది, పాపం, ఈ ఇంట్లో ఇంత కడుగుడు దానికెప్పుడూ తెలిసి ఉండదు. మేము వచ్చింది సబ్బు కోసమని చెప్పకూడదు, మీ పిల్లల దినచర్య చూస్తాం అని మాత్రమే చెప్పాలి, లేకపోతే జనం నటిస్తారట. నేను సందు మొదట్లో కనపడగానే పిల్లలు సాబున్ దీదీ ఆసిలా, సబ్బక్క వచ్చింది, అని ఒడియాలో అరుస్తూ ముందు పరిగెత్తారు. నేను దినచర్య అంటాను, వాళ్లు తలూపుతారు, లోపలికి వెళ్లి కొత్త సబ్బు కాగితం చింపుతారు. వాళ్లకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకి తెలుసు, గౌరీశంకర్ గారికీ తెలుసు, ఇదంతా కలిపి పట్టికలు వేసేవాళ్లకి ఒక్కళ్లకే తెలియదు, లేదా వాళ్లకీ తెలుసేమో. శిక్షణ భువనేశ్వర్‌లో పెద్ద హోటల్లో జరిగింది. అక్కడి బాత్రూములో నిమ్మకాయ వాసన, చేతులు పెడితే వేడి గాలి, మూడు రోజులూ అవసరం లేకపోయినా వెళ్లి వచ్చాను. రెండో రోజు లేచి ఒక ప్రశ్న కూడా అడిగాను, పరిశీలనలో మలవిసర్జనకి గడి ఉంది గాని ఒంటేలుకి లేదేమండీ అని. హాలంతా ఎవరో తుమ్మినట్టు కదిలింది. మాకు పాఠం చెప్పే ఆయన మంచివాడే, ఓపికగా చెప్పాడు, దాని వల్ల రోగాలు పాకవమ్మా, అందుకని అది మన పరిధిలోకి రాదు అని. సరేనండి అని కూర్చున్నాను. నా పరిధిలోకి వచ్చింది, ఇదిగో, పరిధంతా అదే ఇప్పుడు.

ఈ ఇంటికి మరుగుదొడ్డి ఉంది, అదే నాకు ఒళ్లుమండే సంగతి. నేను కూర్చున్న చోటికి ఎనిమిది అడుగుల్లో, నీలం రంగు రేకు తలుపు, బయట గొళ్లెం. వాడుతున్నారా అని పొద్దున్న అడిగితే అప్పలనర్సమ్మ, వాడతన్నాం తల్లీ, అందరం, అని ఒక్క ఊపిరిలో చెప్పింది, నేను అవును నొక్కాను. మూడు గంటలూ నిండాక తలుపు తెరిచి చూసి రెండోసారి నొక్కాలి. కానీ నాకు ఆరున్నరకే తెలిసిపోయింది. ఆ తలుపు ముందు ముగ్గుంది. వాకిట్లో లేదు, పొయ్యి దగ్గర లేదు, మరుగుదొడ్డి గుమ్మం ముందు, అంగుళం కూడా కాలు పెట్టే సందు వదలకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా పిండి ముగ్గు. నలుగురున్న ఇల్లు. అప్పలనర్సమ్మ కొడుకు ప్రకాష్ ఆరున్నరకి ఆటో తీసుకుని వెళ్లిపోయాడు, అత్తా కోడలూ పిల్లా ఇక్కడే తిరుగుతున్నారు, ఆ ముగ్గులో ఒక్క గీత చెదరలేదు. దొరికిపోయారు అనుకున్నాను. అయిదు నెలల్లో అడిగినచోటల్లా అవునే విన్నాను, తలుపు తీస్తే పిడకలు, మేకపిల్ల, ఒకచోట దేవుడి పటాలు. కట్టించి ఇచ్చినా వాడరు, అడిగితే అబద్ధం, రాస్తే నా మీద కోపం, ఏం మనుషులో. ఇలా గంటపైనే తిట్టుకున్నాను, ఆ తిట్టుకోవడంలో కొంతసేపు రాయి బరువు తెలియలేదు. ఇప్పుడు ఆ తిట్లు కూడా అయిపోయాయి.

ముప్పై నాలుగు. మళ్లీ గూడ్సు. పెట్టెలు లెక్కపెడితే మరిచిపోవచ్చనుకున్నాను, పదిహేడు దగ్గర కళ్లలో నీళ్లొచ్చాయి. ముప్పై నాలుగు నిమిషాలు నా వల్ల కాదు, ఇది నిశ్చయం, ఇక్కడే ఈ కుర్చీలోనే జరిగిపోతుంది, తెల్ల కుర్చీ, పైగా లేతరంగు చుడీదార్, పిల్ల చూసి చెప్పేస్తుంది, సందంతా నవ్వుతుంది, సాబున్ దీదీ అని ఇంకెవరూ అనరు, ఇంకేదో అంటారు. లేచి ఆటో దొరికే చోటికి నడిచినా పది నిమిషాలు, నడవలేను. అడగాలి. అడిగితే ఆవిడ అబద్ధం ఆవిడ నోటితోనే విప్పించినట్టవుతుంది. పొద్దున్న ఆవిడ చేతి నీళ్లు తాగి మంచిదాన్ని అనిపించుకున్నదాన్ని. అప్పలనర్సమ్మ అప్పుడే ఇంకో గ్లాసు టీ పట్టుకుని వచ్చింది. నేను చెయ్యి చాపలేదు. ఆవిడ మొహంలో ఏదో ముడుచుకుంది, పొద్దుటిలాగే స్టూలు వైపు తిరగబోయింది. ఆ తిరగడం నేను ఓర్చుకోలేకపోయాను.

"అందుకు కాదు పెద్దమ్మా," అన్నాను. "నాకు ఒంటేలుకి వస్తన్నాది. ఆగలేను."

పరిశీలకురాలు మాట్లాడింది. ఆవిడ గ్లాసు పట్టుకునే నిలబడిపోయింది, నన్ను చూసింది, నీలం తలుపు చూసింది, అరుణని చూసింది. అరుణ కడుపు మీద చెయ్యి వేసుకుని తల వంచుకుంది.

"ఎప్పట్నుంచొస్తన్నాదే?"

"ఏడుంపావు నుంచి."

"ఓలమ్మ. గంట నుంచి ఉగ్గబట్టుకుని కూకున్నావేటి. నానొకర్తిని, టీ మీద టీ పోసీసినాను." గ్లాసు కింద పెట్టేసి చెయ్యి పట్టుకుని లేపింది. కుర్చీ నన్ను వదిలింది. పరిశీలన పోయింది, మూడోది, అంత తేలిగ్గా. తలుపు దగ్గర మాత్రం ఆగింది, ముగ్గుకి ఇవతల. "నీతో అబద్దం ఆడినాను తల్లీ. మేం దీన్లోకి ఎల్లం. గుంత నిండిపోనాది. పైకి జానెడే కాలీ ఉన్నాది. గుంత లాగే టాంకీ బండి ఈ సందులో దూరదు, పైపు ఇక్కడిదాకా సాలదు. అరుణకిది రెండో కాన్పు, పుట్టింటోలు తీసుకెల్లరు. పురిటి ఒంటితో రైలు కట్ట మీదకెల్తాదేటి సీకట్లో. దానికోసం ఉంచినాం ఆ జానెడు. నానూ నా కొడుకూ తెల్లారకముందే కట్టకే ఎల్తాం, ఇదీ ఎల్తాది ఇప్పటికి. రేత్రి నిద్రమత్తులో ఎవులైనా దూరిపోతారని ముగ్గేస్తాను, తొక్కితే తెల్సిపోద్ది."

"ఎవరినైనా పెట్టి తీయించకపోయావా?" అన్నాను. ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చాక కరుచుకున్నాను నాలిక.

"దిగుతామని ఒచ్చినారు ఇద్దరు. మా ఇంటాయన బతుకంతా ఆటిల్లో దిగినాడు, ఆటివల్లే పోనాడు. నా కొడుకు దిగడు. ఇంకోలమ్మ కొడుకూ నా గుంతలో దిగడు." గొళ్లెం తీసింది. "నువ్వెల్లు. ఒంటేలేగదా, పరవానేదు. నీల్లు మాత్రం సెంబుడే పొయ్యి."

"కట్టకి వెళ్తాను పెద్దమ్మా."

"ఎనిమిదిన్నర అయ్యింది, కట్ట నిండా మొగోల్లు. ఎల్లమంటన్నాను కదా."

లోపల ఏమీ లేదు. పిడకల్లేవు, మేక లేదు. కడిగిన గచ్చు, బోర్లించిన చెంబు, మేకుకి ఉతికిన పాత చీర ముక్కలు మడతపెట్టి ఒక కట్ట, పురిటికి. ఒక ఇంట్లో ఇంత శుభ్రమైన మూల ఇంకొకటి నేను చూడలేదు. దేవుడి గదిలా ఉంది, అనకూడదేమో. కూర్చున్నాను. గంటంపావు బండరాయి కరిగి ఎంతకీ అవదు, చప్పుడు రేకు తలుపులోంచి బయటికి వినపడుతోందని తెలుసు, అవతల ఇద్దరాడవాళ్లు మాటాడకుండా నిలబడి ఉన్నారని తెలుసు, హాయి, సిగ్గు, రెండూ ఒకేసారి ఒంట్లోంచి పోతున్నాయి, రెండు గ్లాసులు, ఒక టీ, ఆ జానెడులోకి. ఆ పిల్లకి పురిటిలో ఎన్ని రోజులకి సరిపోతుందని లెక్క వేసుకున్నారో, అందులో ఒక పూట నాది. చెంబు ఎత్తాను, సగమే పోశాను, మిగతా సగం పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక బయటికి తెచ్చాను. అరుణ నా చేతిలోంచి తీసుకుని బొప్పాయి మొక్కకి పోసేసింది. నవ్వింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

కుర్చీలో టాబ్ మోగుతోంది. గౌరీశంకర్ గారు. "ఏమిటి సాయిపద్మా, కదలిక లేదని నీ ఇల్లు ఎర్రగా చూపిస్తోంది, ఇంకా ఇరవై ఆరు నిమిషాలుంది కదా." లేచానండి, రద్దు చేస్తున్నాను అన్నాను. ఆయన నిట్టూర్చారు. కారణం అడిగారు. ఒంటేలుకి వెళ్లానండి అన్నాను. ఇంతకాలం ఏ సూపర్‌వైజర్‌కీ నేను చెప్పని మాట, చెప్పాక చూస్తే మామూలు మాటే. "చూడమ్మా," అన్నారు గొంతు తగ్గించి, "బ్యాటరీ అయిపోయిందని కొట్టీ. దానికి నీ తప్పు ఉండదు, నేను పైన సర్దుతాను. ఆ దొడ్డి వాడుకలో ఉందన్నారుగా, అవునని ఉంచీ." మంచివాడే. అందరూ మంచివాళ్లే. అమ్మ అయితే ఆయనకి దణ్ణం పెట్టి కొట్టీవే అంటుంది, అలా అనకపోతే నన్ను బియ్యే దాకా ఎలా తెచ్చి ఉండేది. చూస్తానండి అని పెట్టేశాను.

తెర మీద వరసగా ఉన్నాయి కారణాలు. ఇంటివారు నిరాకరించారు. అనారోగ్యం. వర్షం. పరికరం పాడైంది. ఇతరములు. దాని పైన ఇంకా ఆ ప్రశ్న, మరుగుదొడ్డి వాడుకలో ఉందా, అవును, కాదు. అవునంటే బ్యాటరీలాంటి అబద్ధమే అదీ. కాదంటే, ఇదిగో ఇంకో ఇల్లు, కట్టిచ్చినా వాడరు అని ఇందాక నేను తిట్టుకున్నట్టే అక్కడెవరో తిట్టుకుంటారు. మూడో గడి లేదు.

"ఏటి రాస్తన్నావు," అంది అప్పలనర్సమ్మ, పక్కకి వచ్చి నిలబడి. "నానాడిన అబద్దం రాస్తావేటి?"

"నేను చేసింది రాస్తున్నాను పెద్దమ్మా."

ఇతరములు నొక్కాను. ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. తెలుగులోనే కొట్టాను, తప్పులు దిద్దుకుంటూ, ఆవిడకి వినపడేలా పైకి చదువుతూ. గుంతలో జానెడు మిగిలింది. కోడలి పురిటి కోసం ఇంటివాళ్లు దాన్ని వాడకుండా దాస్తున్నారు. అందులో కొంత పరిశీలకురాలు వాడేసింది.